వేషం కడితే చాలదు, ఆట నడవాలి

“ఓడకి పేరు పెట్టుకున్నాం సార్, వేషాలు పంచుకున్నాం, బొమ్మలు కూడా గీయించుకున్నాం. మూడో వారానికి రాసేవాడే లేడు!”

ఈ మాట ఈ ఏడాది నాతో కనీసం నలుగురు కుర్రాళ్లు అన్నారు. ఊళ్లు వేరు, ఓడల పేర్లు వేరు. కథ మాత్రం ఒకటే. మొదటి వారం పెళ్లింటి సందడి, రెండో వారం పదహారు రోజుల పండగ, మూడో వారం తాళం వేసిన కల్యాణమండపం.

ఈ ఆట సంగతి తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ఆన్‌లైన్ సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లే అంటే తుపాకులు పేల్చే గేమ్ కాదు. నలుగురైదుగురు కలిసి రాసుకునే ఆట. ఒక అంతరిక్ష నౌక ఉందనుకుంటారు. ఒకరు కెప్టెన్, ఒకరు డాక్టరు, ఇంకొకరు ఇంజను మెకానిక్కు. ఎవరి పాత్ర ఏం చేసిందో, ఏం మాట్లాడిందో వాళ్లే రాయాలి. ఒకరు రాసింది చదివి మరొకరు అందుకోవాలి. దారిలో ఎదురయ్యే ఆపదలూ, గ్రహాలూ, అక్కడి జనమూ ఒకరి చేతిలో ఉంటాయి. వాళ్లని గేమ్ మాస్టర్ అంటారు, మనం సూత్రధారి అందాం. ఇందులో గెలుపోటములు లేవు. కథ వచ్చే వారం కూడా నడిస్తే అందరూ గెలిచినట్టు.

బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఇలాంటి ఆటని 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పేరుతో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో బయటికి తెచ్చారు. అందులో రాక్షసులూ, మంత్రగాళ్లూ ఉండేవాళ్లు. 1977లో మార్క్ మిల్లర్ ‘ట్రావెలర్’తో ఆట అంతరిక్షంలోకి ఎగిరింది. మరుసటేడే ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన ‘మడ్’ అనే ప్రోగ్రాం, ఆ తర్వాత రిచర్డ్ బార్టిల్ చెయ్యి కూడా పడి, ఈ సరదాని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. బొమ్మల్లేవు, అన్నీ అక్షరాలే. అక్కణ్ణుంచి ఈమెయిళ్లకీ, ఇప్పుడు డిస్కార్డ్‌కీ, వాట్సాప్‌కీ వచ్చింది.

బతికిందేది, పోయిందేది

ఇక్కడొక తమాషా చూడండి. 2003లో ఒక పెద్ద కంపెనీ డబ్బు కుమ్మరించి ‘స్టార్ వార్స్ గెలాక్సీస్’ అనే ఆన్‌లైన్ గేమ్ తెచ్చింది. గ్రహాలు, ఊళ్లు, అంగళ్లు, ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకునే వీలు, అన్నీ ఉన్నాయి. 2011 డిసెంబర్ 15న సర్వర్లు ఆపేశారు. అంతే, ఇళ్లూ పోయాయి, ఊళ్లూ పోయాయి.

మరోపక్క ‘స్టార్ ట్రెక్’ అభిమానులు 1994లో ‘స్టార్‌బేస్ 118’ అని ఒక ఆట మొదలుపెట్టారు. హంగూ ఆర్భాటం లేదు. ఈమెయిల్‌లో రాసుకునే ఆట. జీతగాళ్లు లేరు, నడిపేవాళ్లంతా ఆడేవాళ్లే. ముప్పై ఏళ్లు దాటినా అది నడుస్తూనే ఉంది. ఒక ఓడ నుంచి కొందరు దిగిపోతారు, కొత్తవాళ్లు ఎక్కుతారు, కెప్టెన్లు మారతారు, ఓడ మాత్రం వెళుతూనే ఉంటుంది.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఒక్కటే. ఈ ఆటని నిలబెట్టేది సర్వరూ కాదు, గొప్ప ఊహాశక్తీ కాదు. పక్కవాడికి చోటిచ్చే అలవాటు. అది ఉన్నచోట ఆట ఏళ్లకేళ్లు నడుస్తుంది, లేనిచోట మూడు వారాలు.

ఇది మనకి కొత్తా?

కొత్త అనుకునేవాళ్లు ఒకసారి తెనాలి చరిత్ర తిరగేయాలి. సురభి నాటక సమాజానికి చెందిన వనారస గోవిందరావు గారి చొరవతో 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది తెనాలిలోనే. ఆ సురభి వాళ్లనే తీసుకోండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలెట్టి, తాత వేసిన వేషం తండ్రి, తండ్రి వేసింది కొడుకు వేసుకుంటూ ఇప్పటికీ ఆడుతూనే ఉన్నారు. ఇంతకంటే ‘లాంగ్ రన్నింగ్’ ఆట ఎక్కడుంది చెప్పండి?

బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారి సంగతి నాటకాల వాళ్లందరికీ తెలిసిందే. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేస్తుంటే చంద్రమతి వేషధారి రాలేదు. అప్పటికప్పుడు ఆ వేషం ఈయన వేశారు. తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, సత్యభామగా, మధురవాణిగా తెలుగుదేశాన్ని ఊపేశారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. మనం ఇందులో ఆయన ప్రతిభ చూస్తాం, చూడాల్సిందే. కానీ ఆ రాత్రి ఇంకో సంగతి కూడా జరిగింది. ఒకరు రాకపోతే నాటకం ఆగలేదు. ఖాళీ అయిన వేషంలోకి ఒక కొత్తవాణ్ణి రానిచ్చారు. పక్కనున్న నటులు అతనికి మాట అందించి ఉండకపోతే స్థానం వారు మనకి దొరికేవారా?

తర్వాత కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. కృష్ణుడు ఒక ఊరివాడు, అర్జునుడు ఇంకో ఊరివాడు, దుర్యోధనుడు మరో జిల్లావాడు. రిహార్సల్ లేదు. సాయంత్రం దిగి, రంగు పూసుకుని, తెల్లవార్లూ రాయబారం ఆడేవారు. కరపత్రంలో ‘మొదటి కృష్ణుడు’, ‘రెండవ కృష్ణుడు’ అని వేసేవారు. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు. పీసపాటి, షణ్ముఖి, ఈలపాట రఘురామయ్య, ఎవరి కృష్ణుడు వారిదే. అయినా చూసేవాడికి ఎక్కడా కృష్ణుడు మారినట్టు ఉండేది కాదు. పాత్ర నటుడి సొంత ఆస్తి కాదు, నాటకానిది అన్న ఎరుక వాళ్లకి ఉంది. మన కుర్రాళ్ల ఓడలు మూడో వారంలో ఆగిపోవడానికి ఆ ఎరుక లేకపోవడమే సగం కారణం.

చేరేటప్పుడు

ఇప్పటికే నడుస్తున్న ఆటలో చేరాలనుకుంటే మొదట చేయాల్సింది చదవడం. పాత కథంతా అక్కర్లేదు, చివరి నెల రోజులది చాలు. అందులో ఎవరు ఎలా మాట్లాడతారు, రోజుకెంత రాస్తారు, పరాచికాలు ఎంతవరకు చెల్లుతాయి అన్నవి పట్టుకోండి. అరుగు మీద పేకాట నడుస్తుంటే కాసేపు పక్కన కూర్చుని చూసి ఆ తర్వాత చెయ్యి వేస్తాం కదా, ఇదీ అంతే.

రెండోది, “నాకు ఫలానా వేషం కావాలి” అని కాకుండా, “మీ ఓడలో ఎవరు తక్కువయ్యారు?” అని అడగండి. నాలుగు ఆటల్లో మూడింట కెప్టెన్లు ఎక్కువ, వంటవాడు ఉండడు. వంటవాడుగా చేరిన మనిషికి ఓడలో ప్రతివాడితోనూ పని ఉంటుంది. ఎవడు అన్నం తినలేదో, ఎవడు రెండోసారి పెట్టించుకున్నాడో అతనికే తెలుసు. కథ నడిపే తాళంచెవులన్నీ అతని చేతిలోనే ఉంటాయి.

మూడోది, పాత్రకి ఒక లోటు పెట్టండి. కొత్తవాళ్ల పాత్రలన్నీ దాదాపు ఒకలాగే వస్తాయి. వయసు ఇరవై, ఏడు భాషలు, యుద్ధవిద్యలన్నీ వచ్చు, చూపులకి సినిమా హీరో. ఇలాంటి పాత్రని వెక్కిరిస్తూ 1973లోనే పౌలా స్మిత్ అనే ఆవిడ ఒక చిన్న కథ రాసింది. అందులో పదిహేనున్నరేళ్ల లెఫ్టినెంట్ మేరీ సూ ఓడెక్కి, అందరికంటే తెలివిగా అన్ని పనులూ చక్కబెట్టి, అందరిచేత కన్నీళ్లు పెట్టించి చచ్చిపోతుంది. అప్పట్నుంచి ఈ లోకంలో అన్నీ తెలిసిన పాత్రకి ‘మేరీ సూ’ అనే పేరే స్థిరపడింది. అన్నీ తనే చేసుకోగలిగే మనిషికి పక్కవాళ్లతో పనేముంది? పని లేకపోతే మాటలుండవు, మాటల్లేకపోతే ఆట లేదు.

ఈ విషయంలో నాకు ‘ట్రావెలర్’ పద్ధతి భలే నచ్చుతుంది. అందులో ఆట మొదలుపెట్టే ముందే మీ పాత్ర పాత ఉద్యోగం చేసి రావాలి. నౌకాదళమో, వర్తకమో, నాలుగేళ్లకోసారి పాచికలు వేసి ఏమైందో తేల్చాలి. తొలి ముద్రణలో అయితే పాచికలు తిరగబడితే పాత్ర ఆట మొదలవకముందే చచ్చిపోతుంది! బతికి బయటపడ్డవాడు నలభై ఏళ్ల వయసుతో, కీళ్ల నొప్పులతో, కాస్త పెన్షన్‌తో ఓడెక్కుతాడు. ఆ ఓడ కూడా అప్పు మీదే. వాయిదాలు 480 నెలలు. లెక్కేస్తే 40 ఏళ్లు! బ్యాంకు వాయిదా కట్టడానికి సరుకెత్తుకుని గ్రహం నుంచి గ్రహానికి తిరిగే కథ మనకి చెప్పాలా? ట్రాక్టరు వాయిదాలు కట్టినవాడెవడైనా ఆ కెప్టెన్ వేషం కళ్లుమూసుకుని వేస్తాడు.

మా ‘పెనుమూడి’ ఓడ

ఇవన్నీ గాలి కబుర్లు కావని చెప్పడానికి మా ఆట సంగతి కాస్త చెప్పాలి. 2020 లాక్‌డౌన్‌లో మొదలైంది. ఆరుగురం. తెనాలిలో నేనూ, వరసకి నాకు మేనల్లుడయ్యే కుర్రాడూ. బాపట్లలో లెక్కలు చెప్పే టీచరు, అందరం ‘అక్కా’ అంటాం, ఆవిడే మా సూత్రధారి. రేపల్లెలో సెల్‌ఫోన్ రిపేరు షాపు తమ్ముడు. హైదరాబాద్‌లో ఒకరు, డాలస్‌లో ఒకరు. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడ్డాక రేపల్లె ఆ జిల్లాకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. మా ఓడ మాత్రం చీలిపోలేదు.

ఓడ పేరు ‘పెనుమూడి’. రేపల్లె దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న రేవు పేరు. పులిగడ్డ వైపు వారధి రాకముందు అక్కడ ఏరు దాటాలంటే పడవే గతి. మా ఓడ పని కూడా అదే, ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి విత్తనాలూ, మనుషులూ చేరేయడం.

మొదట్లో మాకు భాషతోనే చిక్కు వచ్చింది. ఇంగ్లీషు మాటలు పెడితే డబ్బింగ్ సినిమాలా ఉంది. నిఘంటువు మాటలు పెడితే ఎవరికీ నోరు తిరగలేదు. ఓడ నుంచి బయటి శూన్యంలోకి వెళ్లడానికి రెండు తలుపుల గది ఒకటి ఉంటుంది. దాన్నేమనాలి? రేపల్లె తమ్ముడు ఒక్క మాటలో తేల్చేశాడు. “ఏందన్నా ఇంత ఆలోచన, దుగ్గిరాల లాకులు చూళ్లేదా? గాలి లాకు అందాం!”

ఆలోచించి చూడండి, సరిగ్గా అదే పని. కాలవ లాకులో పడవ రాగానే వెనక తలుపు మూస్తారు. లోపలి నీటిమట్టాన్ని అవతలి మట్టానికి తెచ్చి, అప్పుడు ముందు తలుపు తీస్తారు. రెండు తలుపులూ ఒకేసారి తీయరు. అంతరిక్షంలో నీటికి బదులు గాలి, అంతే తేడా. ఆ రోజు నుంచి మాకు దారి దొరికింది. కెప్టెన్ ‘సరంగు’ అయ్యాడు, పనివాళ్లు ‘కళాసులు’, అంతరిక్ష కేంద్రం ‘రేవు’. మా డెల్టా మాటలన్నీ చుక్కల్లోకి వెళ్లాయి. డాలస్ ఆయన అన్న మాట నాకు గుర్తుండిపోయింది. “పదిహేనేళ్లయింది సరంగు అనే మాట విని. మా తాత వాడేవాడు.”

రాసేటప్పుడు

రాతకి మాకు రెండే రెండు సూత్రాలు ఉన్నాయి.

ఒకటి, ఎదుటివాడి ఒంటి మీద నీ కలం పెట్టకు. “నేను గురి చూసి కొట్టాను, వాడు కిందపడి క్షమించమన్నాడు” అని రాస్తే కుదరదు. కొట్టడానికి చెయ్యెత్తానని రాయడం వరకే నీది. తప్పించుకున్నాడా, దెబ్బ తిన్నాడా, నవ్వాడా అన్నది వాడిది. ప్రేమ కథలకీ ఇదే వర్తిస్తుంది. ఎదుటివాళ్లు ఇష్టపడి అందుకుంటేనే ఆ దారిన వెళ్లాలి. వద్దంటే అక్కడితో సరి, కారణం అడగకూడదు.

రెండోది, తలుపు కాస్త తెరిచి ఆపు. మీరు రాసిన ముక్క చివర పక్కవాడు అందుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. “ఇంజను బాగుచేసి పడుకున్నాను” అంటే కథ అక్కడితో సరి. “ఇంజను బాగైంది కానీ లోపల ఎవరిదో తాళంచెవి దొరికింది” అంటే అయిదుగురు లేచి కూర్చుంటారు. పద్యం ఎంత బాగా పాడినా, ఎదుటి నటుడికి మాట అందించకుండా ఒన్స్ మోర్లు కొట్టించుకుంటూ పోయే కృష్ణుడితో అర్జునుడికి ఎంత కష్టమో ఆలోచించండి.

ఈమధ్య ఏఐ చేత రాయించి తెచ్చేవాళ్లు కూడా తయారయ్యారు. రాత నున్నగానే ఉంటుంది. కానీ డ్యూటీ దిగి బస్సులో కూర్చుని మా తమ్ముడు రాసే తప్పుల తడక నాలుగు ముక్కల్లో మా తమ్ముడు ఉంటాడు. మేం ఎదురుచూసేది అతని కోసం. మా ఓడలో అందుకే దానికి టిక్కెట్టు లేదు.

నిలబెట్టుకోవడం ఎలా

ఆట చచ్చేది ఎక్కువగా ఉత్సాహం వల్లే అంటే నమ్ముతారా? మొదటి వారం రోజుకి ఇరవై సార్లు రాసేవాళ్ల వెనక, ఉద్యోగాలూ పిల్లలూ ఉన్నవాళ్లు పరిగెత్తలేరు. రెండు రోజులు ఫోన్ చూడకపోతే వంద ముక్కలు చదవాలి. చదవలేక మానేస్తారు. మానేశామని మొహమాటపడి అసలు రారు. అందుకని మేం వారానికి ఒకటే అని పెట్టుకున్నాం. గురువారం లోపు ఒక్కొక్కరు ఒక్క ముక్క. ఆదివారం అక్క ముందు దారి చెబుతుంది. ఇంటర్ పరీక్షలప్పుడూ, సంక్రాంతికీ సెలవు. నెమ్మదిగా నడిచే ఎడ్లబండి ఊరు చేరుతుంది, దౌడు తీసిన గుర్రం దారిలో పడిపోతుంది.

ఇంకోటి, జరిగిన కథ. చందమామ చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. సీరియల్ ప్రతి భాగం మొదట్లో అంతవరకూ ఏమైందో నాలుగు వాక్యాలు ఉండేవి. ఆ చందమామ పెట్టిన చక్రపాణి గారు తెనాలివారు. దాన్ని ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారూ తెనాలివారే. ‘తోకచుక్క’ మొదలు ఎన్నో సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారిదీ ఆ పక్క ఊరే. నెలకోసారి వచ్చే కథని పిల్లలు మరిచిపోకుండా పట్టి ఉంచిన ఆ నాలుగు వాక్యాల విలువ చిన్నది కాదు. మా ఆటలో నెలకొకరు వంతులవారీగా ‘జరిగిన కథ’ రాస్తాం. కొత్తవాడు చేరడానికీ, ఆగిపోయినవాడు తిరిగి రావడానికీ అదే గుమ్మం.

సూత్రధారి భారం కూడా పంచుకోవాలి. ఆట నడిపే మనిషి ఒక్కరే అన్నీ ఆలోచిస్తే ఆరు నెలల్లో అలిసిపోతారు. అక్కకి పదో తరగతి పేపర్లు దిద్దే రోజులొస్తే సూత్రం మేనల్లుడు పట్టుకుంటాడు. వాడి గ్రహాల్లో అందరూ క్రికెట్ ఆడతారు. అయినా పర్లేదు, సర్దుకుంటాం.

ఇక కథకి చిన్న చిన్న మజిలీలు ఉండాలి. “విశ్వాన్ని కాపాడాలి” అని మొదలెడితే అది ఎప్పటికి తేలేను? “ఈ విత్తనాలు మొలకెత్తకముందే ఫలానా రేవుకి చేర్చాలి” అంటే పది వారాల్లో తేలుతుంది. ఒక మజిలీ అయ్యాక అందరికీ ఒక అవకాశం వస్తుంది. దిగేవాళ్లు మర్యాదగా దిగొచ్చు, ఉండేవాళ్లు కొత్త ఉత్సాహంతో ఉండొచ్చు.

రాని మనిషి

అన్నిటికంటే కష్టమైంది ఇది. మనిషి చెప్పకుండా మానేస్తే ఏం చేయాలి?

మూడో ఏడు రేపల్లె తమ్ముడు హఠాత్తుగా రాయడం ఆపేశాడు. రెండు వారాల తర్వాత తెలిసింది, వాళ్ల నాన్నకి ఒంట్లో బాగోలేదు, గుంటూరులో ఆస్పత్రిలో పెట్టారని. వాడి పాత్ర మా ఓడ ఇంజను మెకానిక్కు. మెకానిక్కు లేకుండా ఓడ ఎలా నడుస్తుంది? మాలో మాకు వాదన మొదలైంది. ఒకరు, ప్రమాదంలో పోయినట్టు రాసేద్దామన్నారు, కథకి బరువొస్తుందని. ఇంకొకరు, ఆ వేషం వేరేవాళ్లకి ఇద్దామన్నారు. నాటకాల్లో రెండో కృష్ణుడు లేడా అని.

అక్క రెండూ ఒప్పుకోలేదు. “రెండో కృష్ణుణ్ణి దింపేది మొదటి కృష్ణుడికి తెలిసీ, ఒప్పుకునీ. వాడిప్పుడు ఒప్పుకోడానికీ, కాదనడానికీ కూడా లేడు. వాళ్లింట్లో ఆ పరిస్థితి ఉంటే మనం ఇక్కడ వాణ్ణి చంపుదామా?” అంది. ఎవరం మాట్లాడలేదు.

ఆ ఆదివారం అక్క రాసింది ఇంతే. ఇంజను గది తలుపు లోపల్నుంచి వేసి ఉంది. లోపల లైటు వెలుగుతోంది. ఇంజను నడుస్తోంది. మెకానిక్కు ఏదో పెద్ద పని మీద ఉన్నాడు, ఎవరూ తలుపు కొట్టొద్దు.

తర్వాత వారం వంటవాడి వేషంలో ఉన్న మేనల్లుడు, ఎవరూ చెప్పకుండానే, ఆ తలుపు ముందు టిఫిను క్యారేజీ పెట్టినట్టు రాశాడు. ఆ తర్వాత వారం డాక్టరు పెట్టాడు. ఇక అదో వరస అయిపోయింది. ఎవరి కథ ఎటు వెళ్లినా, వారంలో ఒకరు ఆ దారిన వెళ్లి క్యారేజీ పెట్టి వచ్చేవాళ్లు. అయిదు నెలలు అలా నడిచింది. ఈలోపు వాళ్ల నాన్న పోయారు. వెళ్లగలిగినవాళ్లం వెళ్లి వచ్చాం. ఆట మాట ఎవరం ఎత్తలేదు.

దినకర్మలన్నీ అయిపోయిన నెలకి, ఒక గురువారం రాత్రి వాడు రాశాడు. రెండే వాక్యాలు. “క్యారేజీలన్నీ కడిగి తలుపు బయట పెట్టాను. ఎవరివో వాళ్లు తీసుకోండి.”

తర్వాత ఫోన్‌లో చెప్పాడు. ఆస్పత్రి వరండాలో రాత్రిళ్లు నిద్రపట్టక మా రాతలన్నీ చదివేవాడట. “ఈ వారం ఎవరు పెట్టారా అని చూసేవాణ్ణి అక్కా” అన్నాడు.

బయటివాళ్లకి ఇది పిల్లల ఆటలా కనబడుతుంది. “ఇంత వయసొచ్చి అంతరిక్షంలో వేషాలేంటండీ” అని నన్నూ అడిగారు. నేను వాదించను. మా తమ్ముడి క్యారేజీల సంగతి మాత్రం చెబుతాను.

కాస్త జాగ్రత్త

ముక్కూమొహం తెలియని ఆటల్లో చేరేటప్పుడు ఇంటి చిరునామా, ఫొటోలు, బ్యాంకు వివరాలు ఎవరికీ ఇవ్వొద్దు. ఆటకి డబ్బు అడిగితే అది ఆట కాదు. పిల్లలు చేరితే ఇంట్లో ఒకరికి తెలిసి ఉండాలి. ఆడవాళ్లు ఉన్న ఆటలో పాత్ర ముసుగులో వెకిలి మాటలు రాసేవాణ్ణి మొదటిసారే ఓడ దింపేయండి, రెండోసారి దాకా ఆగొద్దు. ఇక రాత్రి రెండింటి దాకా మేలుకుని రాసేవాళ్లకి ఒక మాట. ఓడ ఎక్కడికీ పోదు, పడుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నలుగురితో మొదలుపెట్టండి, పదిమంది వద్దు. వారానికి ఒక రోజు ఖాయం చేసుకోండి. పది వారాల్లో తేలిపోయే చిన్న ప్రయాణం పెట్టుకోండి. తెలుగులో రాయండి, మీ ఊరి మాటలు వాడండి, లేని మాటలు మీరే పుట్టించండి. పది వారాలయ్యాక ఆపాలనిపిస్తే అందరూ ఉండగా ముగింపు రాసుకుని ఆపండి. మంగళం పాడి తెర దించిన నాటకాన్ని మళ్లీ వేయొచ్చు. మధ్యలో వదిలేసి వెళ్లిపోయినదాన్ని వేయడం కష్టం.

ఎవరైనా ఒక వారం రాయకపోతే మాత్రం గ్రూపులో “ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు” అని లెక్కలు తీయకండి. ముందు విడిగా ఒక ఫోన్ చేసి, “ఏరా, బాగున్నావా?” అని అడగండి.